లైబ్రరీ ఉచితం, కోడ్ మాత్రం ఇవ్వను: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

విశాఖపట్నంలో రుషికొండ ఐటీ కొండల మీది చిన్న కంపెనీల్లోనూ, మధురవాడ అపార్ట్‌మెంట్లలో ఇంటి నుంచే పనిచేసుకునే డెవలపర్ల దగ్గరా ఒక మాట తరచు వినిపిస్తుంది: “లైబ్రరీ ఎవరైనా వాడుకోవచ్చు, పైసా అడగను, కోడ్ మాత్రం బయటపెట్టను.” లైబ్రరీ అంటే ఇతరులు తమ ప్రోగ్రామ్‌లో కలుపుకుని వాడే కోడ్ మూట. ఆ మాటలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఎన్‌విడియా వారి కూడీఎన్‌ఎన్, ఇంటెల్ వారి ఎంకేఎల్ లైబ్రరీలు అలా వచ్చేవే. డౌన్‌లోడ్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, సోర్స్ (మనిషి రాసిన అసలు కోడ్) మాత్రం కనిపించదు. బాస్ అనే ఆడియో లైబ్రరీ వ్యాపారేతర వాడకానికి ఉచితం, అమ్మే సాఫ్ట్‌వేర్‌లో పెడితే లైసెన్స్ కొనాలి, కోడ్ మూసే ఉంటుంది. ఏళ్ల తరబడి బాగానే నడుస్తోంది.

అయితే ఎన్‌విడియాకూ ఇంటెల్‌కూ బిల్డ్‌లు (ఒక్కో రకం యంత్రానికి కట్టి ఇచ్చే ఫైళ్లు) చూసుకోవడానికే మనుషులున్నారు. మీకు లేరు. సోర్స్ ఇస్తే వాడుకునేవారు తమ యంత్రానికి తగ్గట్టు తామే కంపైల్ చేసుకుంటారు (యంత్రం నడపగల రూపంలోకి మార్చుకుంటారు). ఇవ్వకపోతే ఎవరి దగ్గర ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా, ఏ కంపైలర్ ఉన్నా, అన్నిటికీ కట్టిపెట్టే పని మీ మెడకు చుట్టుకుంటుంది. ఎంపిక చేసుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఈ బరువును. లైసెన్సుల పేర్లు ఆ తర్వాత.

దాచుకునేంత సరుకు ఉందా

పోర్టు ఉన్న ఊరు కాబట్టి అక్కడి ఉదాహరణే తీసుకుందాం. కంటైనర్ మీద రాసి ఉండే నంబరు సరైనదా కాదా అని చూసే లైబ్రరీ ఒకటి రాశారనుకోండి. ఆ నంబరు ఎలా ఉండాలో ఐఎస్ఓ 6346 ప్రమాణం చెబుతుంది: నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె. అక్షరాలకు 10 నుంచి 38 వరకు విలువలుంటాయి. 11, 22, 33లను వదిలేస్తారు. ఒక్కో స్థానానికి 1, 2, 4, 8 అంటూ రెట్టింపయ్యే బరువులు పెట్టి గుణించి, అన్నీ కూడి, 11తో భాగించాలి. మిగిలిన శేషమే తనిఖీ అంకె. శేషం 10 వస్తే సున్నా వేస్తారు. సీఎస్‌క్యూయూ 305438 అనే నంబరుకు మొత్తం 6185 వస్తుంది, శేషం 3. కాబట్టి పూర్తి నంబరు సీఎస్‌క్యూయూ 3054383 అవుతుంది.

ఇంతే సంగతి. దీన్ని డీఎల్‌ఎల్ అనే కంపైల్ అయిన విండోస్ ఫైలులో బిగించి “సోర్స్ ఇవ్వం” అని రాస్తే నవ్వుతారు. ప్రమాణం అందరికీ తెలిసిందే, రాయడానికి ముప్పై లైన్లు చాలు. కోడ్ ఇచ్చేస్తే ఎవరో ఒకరు తప్పు పట్టి సరిదిద్దుతారు, మీ పేరూ నిలుస్తుంది. ఎవరైనా ఎలాగైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ పెట్టి వదిలేయండి.

ఇప్పుడు అదే గేటు దగ్గర కెమెరా ఫొటో చూసి నంబరు చదివే లైబ్రరీని తీసుకోండి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన తలుపులు, మాసిపోయిన పెయింటు, రాత్రి లైట్ల మెరుపు, ఒక్కో కంటైనర్ మీద ఒక్కో తీరు రాత. ఇక్కడ విలువంతా నెలల తరబడి ఫొటోలు సేకరించి, గుర్తులు పెట్టి, నేర్పించిన మోడల్‌లో ఉంది. చుట్టూ ఉన్న కోడ్ మామూలుదే. ఇలాంటిది దాచుకోవడంలో అర్థం ఉంది. కాకపోతే మోడల్ ఫైలును లైబ్రరీ లోపల పెట్టి పంచితే ఓపిక ఉన్నవాడు దాన్ని బయటికి లాగేస్తాడు. అందుకని రెంటినీ విడదీయడం మేలు. ఫొటో తీసుకుని పంపే భాగం, ఫలితం సర్దే భాగం తెరిచి ఇవ్వాలి. మోడల్ మాత్రం మీ సర్వర్ మీద ఉంచాలి, లేదా విడిగా ఒప్పందం రాసుకున్న వారికే ఇవ్వాలి.

పాత డీటీపీ ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే లైబ్రరీలు ఈ రెంటికీ మధ్య ఉంటాయి. వాటిలో కష్టమంతా పట్టికల్లోనే ఉంది. ఏ గుర్తు పక్కన ఏ గుర్తు వస్తే ఏ వత్తు అవుతుందో ఒక్కొక్కటీ చూసి రాసుకున్నవి. కానీ పట్టికలు బైనరీలో (కంపైల్ అయిన ఫైలులో) ఉన్నా చదవగలిగేవాడు చదువుతాడు. పైగా ఇలాంటివి వాడేవారు బ్రౌజర్‌లోనే పని కావాలంటారు. జావాస్క్రిప్టులో ఇస్తే, ఎంత కుదించి, పేర్లు ఎంత చెరిపినా, కోడ్ వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాచడమనే మాటే లేదక్కడ.

అసలు ఆ కోడ్ మీదేనా

ఈ ప్రశ్నను చాలామంది దాటేస్తారు. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా రాసిన పనికి మొదటి హక్కుదారు యజమాని. కోడ్ దాచి బైనరీ ఒక్కటే ఇస్తే ఆఫీసుకు అభ్యంతరం ఉండదనుకోవడం పొరపాటు. బైనరీ పంచడానికీ హక్కుదారు అనుమతి కావాలి. నౌకాదళానికో, షిప్‌యార్డుకో ఉప కాంట్రాక్టు మీద పనిచేసేవారైతే రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఫైలు కూడా బయటికి పంపకూడదు. అక్కడ ఎంపిక చేసుకోవడానికి ఏమీ లేదు.

రెండోది, మీ లైబ్రరీ లోపల ఇంకెవరి కోడ్ ఉందో చూసుకోవాలి. ఎంఐటీ, అపాచీ లైసెన్సుల కోడ్ ఉంటే కోడ్ మూసి పంచవచ్చు, వాళ్ల కాపీరైట్ నోటీసు మాత్రం మీ ప్యాకేజీలో పెట్టాలి. డేటాను రహస్య లిపిలోకి మార్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 నుంచి అపాచీ 2.0 కిందే వస్తోంది కాబట్టి ఇబ్బంది లేదు. సంకేతాల లెక్కలు చేసే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ జీపీఎల్ కింద ఉంది, అంటే దాన్ని కలిపి పంచేది సోర్స్‌తో సహా ఇవ్వాలి. దాన్ని లోపల కలిపి, సోర్స్ లేకుండా పంచాలంటే ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి వాణిజ్య లైసెన్స్ తీసుకోవాల్సిందే. మీరు ఉచితంగా ఇస్తున్నారన్నది అక్కడ చెల్లదు. వీడియో లైబ్రరీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కంటే సడలిన లైసెన్స్), ఎక్స్264 లాంటివి కలిపి కడితే జీపీఎల్ అవుతుంది. అందుకే ఎక్కడో దొరికిన బిల్డ్‌ను తెచ్చి పెట్టేవారు అది ఏ ఆప్షన్లతో కట్టారో ముందు చూడాలి.

ఎల్‌జీపీఎల్ లైబ్రరీని లోపల వాడితే ఇంకో మెలిక ఉంది. వాడేవారు ఆ భాగాన్ని తమ సొంత వెర్షన్‌తో మార్చుకోగలగాలి, అలాంటి మార్పులను డీబగ్ చేసుకోవడానికి రివర్స్ ఇంజినీరింగ్‌ను (బైనరీని విప్పి చూడటాన్ని) మీ లైసెన్స్ అడ్డుకోకూడదు. ఎక్కడినుంచో దించుకున్న లైసెన్స్ పాఠాల్లో “ఏ రూపంలోనూ రివర్స్ ఇంజినీరింగ్ నిషిద్ధం” అనే వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది. ఆ రెండూ ఒక ప్యాకేజీలో ఇమడవు.

బైనరీ మాత్రమే ఇస్తే రోజువారీగా ఏం జరుగుతుంది

సీ++ లైబ్రరీ అనుకుందాం. విండోస్ స్టాటిక్ లైబ్రరీగా (వాడేవారి ప్రోగ్రామ్‌లో కలిసిపోయేలా) ఇస్తే, 32 బిట్లకు ఒకటి, 64 బిట్లకు ఒకటి. ఒక్కోదానిలో డీబగ్ (తప్పులు వెతకడానికి), రిలీజ్ (విడుదలకు). వాటిలో మళ్లీ రన్‌టైమ్‌ను (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన మూల కోడ్‌ను) లోపల కలిపినది, బయట ఉంచినది. అప్పటికే ఎనిమిది. ఏఆర్‌ఎం కంప్యూటర్లు కలిస్తే పన్నెండు. విజువల్ స్టూడియో 2015 నుంచి 2022 వరకు బైనరీలు ఒకదానితో ఒకటి కలుస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇస్తుంది, అయితే చివర ముక్కలన్నీ లింక్ చేసి కలిపే సాధనం అన్నిటిలోకీ కొత్తదై ఉండాలి. లింక్ సమయంలో ఆప్టిమైజ్ అయ్యేలా కట్టిన స్టాటిక్ లైబ్రరీలకు ఆ హామీ కూడా లేదు.

దీనికి తెలిసిన మందు ఒక్కటే. లోపల సీ++ ఎంతైనా రాసుకోండి, బయటికి సీ ఫంక్షన్లే చూపించి డీఎల్‌ఎల్‌గా ఇవ్వండి. స్ట్రింగులు, వెక్టర్లు సరిహద్దు దాటకూడదు. వస్తువును సృష్టించే ఫంక్షన్ ఇచ్చినప్పుడు, దాన్ని విడిచిపెట్టే ఫంక్షన్ కూడా మీరే ఇవ్వాలి. మీ డీఎల్‌ఎల్ తీసుకున్న మెమరీని వాడేవారి ప్రోగ్రామ్ తన రన్‌టైమ్‌తో విడుదల చేయబోతే అది కూలిపోవచ్చు, నింద మీ మీద పడుతుంది. ఇలా చేస్తే పన్నెండు బిల్డ్‌లు మూడుకు దిగుతాయి. సీ షార్ప్, పైథాన్, డెల్ఫీ వాళ్లు కూడా అదే డీఎల్‌ఎల్‌ను పిలుచుకోగలరు.

లైనక్స్‌లో చిక్కు వేరు. మీ ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు 22.04 మీద కడితే అది లైనక్స్ మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.35తో కడుతుంది. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31. అక్కడ నడపబోతే “జీలిబ్‌సీ 2.34 దొరకలేదు” అనే వరస లోపంతో ఆగిపోవచ్చు. కాబట్టి కావాలని పాత సిస్టమ్ మీదే కట్టాలి. పైథాన్ ప్రపంచం ఇందుకోసమే మెనీలైనక్స్ అనే ఏర్పాటు చేసుకుంది. మెనీలైనక్స్2014 సెంట్‌ఓఎస్ 7 మీద, జీలిబ్‌సీ 2.17తో కడుతుంది. దాని డాకర్ ఇమేజ్‌ను (సిద్ధం చేసిన సిస్టమ్ మూటను) మీ లైబ్రరీకి కూడా వాడుకోవచ్చు. 2015లో వచ్చిన జీసీసీ 5 స్ట్రింగుల అమరికనే మార్చేసింది కాబట్టి, సీ ఇంటర్‌ఫేస్ సలహా ఇక్కడా అంతే గట్టిగా వర్తిస్తుంది.

ఆండ్రాయిడ్ కథ చూస్తే బైనరీ పంపిణీలోని అసలు ప్రమాదం అర్థమవుతుంది. 2019 ఆగస్టు 1 నుంచి గూగుల్ ప్లేలో 64 బిట్ వెర్షన్ తప్పనిసరి అయింది. 2025 నవంబరు 1 నుంచి, ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకున్న కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు సరిపడాలి. సోర్స్ ఉన్న లైబ్రరీకి ఇది చాలా సందర్భాల్లో కొత్త ఎన్‌డీకే అనే ఆండ్రాయిడ్ సాధనాల మూటతో మళ్లీ ఒకసారి కట్టే పని. సోర్స్ లేని ఎస్‌ఓ (కంపైల్ అయిన లైబ్రరీ) ఫైలు వాడుకున్నవారు దాన్ని రాసినవారి ఈమెయిలు కోసం వెతుక్కోవాలి. జవాబు రాకపోతే ఆ లైబ్రరీని పీకేసి వేరేది పెట్టుకోవడం తప్ప దారి లేదు. యాప్‌లో ఒక్క లైను మారకపోయినా అప్‌డేట్ ఆగిపోతుంది. కోడ్ ఇవ్వకుండా లైబ్రరీ పంచేవారు ఇలాంటి రోజున తాము పలుకుతామా లేదా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

విండోస్‌లో సంతకం లేని ఫైళ్లను చూసి స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిస్తుంది, యాంటీవైరస్‌లు అనుమానిస్తాయి. సంతకం సర్టిఫికెట్‌కు ఏటా వేల రూపాయల్లో ఖర్చు. 2023 జూన్ నుంచి దాని కీని ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉచితంగా ఇస్తూ చేతి డబ్బు పెట్టుకోవడం ఎంతవరకు సరదాగా ఉంటుందో మీరే లెక్క వేసుకోండి.

దాచినది ఎంతవరకు దాగుతుంది

భాషను బట్టి ఉంటుంది. డాట్‌నెట్ డీఎల్‌ఎల్‌ను ఐఎల్‌స్పైలో తెరిస్తే దాదాపు మీరు రాసినట్టే సీ షార్ప్ కనిపిస్తుంది. జావా జార్ ఫైళ్లదీ అదే తీరు. ప్రోగార్డ్, ఆర్8 లాంటివి పేర్లు చెరుపుతాయి, తర్కాన్ని చెరపవు. పైథాన్ పీవైసీ ఫైలు ఇవ్వడమంటే ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మం మీద పెట్టినట్టే. సైథాన్‌తోనో నుయిట్కాతోనో కంపైల్ చేస్తే కొంత నయం. సీ, సీ++, రస్ట్ బైనరీలు గట్టివే అయినా, అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2019లో గిడ్రాను ఉచితంగా విడుదల చేశాక వాటిని విప్పి చూసే సాధనం విద్యార్థుల చేతిలో కూడా ఉంది.

లైసెన్స్‌లో నిషేధం రాశాం కదా అని ధీమాగా ఉండనక్కర్లేదు. మన కాపీరైట్ చట్టంలోని 52(1)(ఏబీ), (ఏసీ) క్లాజులు చట్టబద్ధంగా పొందినవారికి కొంత వెసులుబాటు ఇస్తాయి. మరో ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయించడానికి అవసరమైన సమాచారం వేరే చోట సులువుగా దొరకనప్పుడు దాన్ని రాబట్టుకోవచ్చు, పనితీరును గమనించి పరీక్షించవచ్చు. మీ కోడ్‌ను కాపీ కొట్టి అమ్ముకోవడానికి మాత్రం అవి అనుమతి కావు.

నిజంగా దాగేది సర్వర్ మీద ఉన్నదే. కానీ సర్వర్ ఉచితంగా నడవదు. నెలనెలా బిల్లు వస్తుంది, రోజుకు ఇన్ని పిలుపులని పరిమితి పెట్టాలి, వాడేవారి డేటా మీ దగ్గరికి వచ్చేస్తుంది కాబట్టి దాని బాధ్యతా మీదే. గేటు దగ్గర నెట్ పోతే లారీలు ఆగకూడదనే చోట ఈ దారి అసలు పనికిరాదు. అలాంటి చోట మోడల్‌ను ఒప్పందం మీద ఇవ్వడమే గతి.

మిగతా దారులు

ఎంఐటీ గానీ అపాచీ 2.0 గానీ పెట్టి కోడ్ ఇచ్చేయడం అన్నిటిలోకీ తేలిక. పేటెంట్ల గురించి స్పష్టమైన మాట కావాలంటే అపాచీ. ఎల్‌జీపీఎల్ పెడితే మీ లైబ్రరీలో చేసి పంచిన మార్పులు తెరిచే ఉంటాయి, దాన్ని వాడే యాప్ మాత్రం మూసి ఉండవచ్చు. జీపీఎల్‌తో పాటు వాణిజ్య లైసెన్స్ అమ్మడం క్యూటీ అనే లైబ్రరీ వాళ్లు కొన్ని భాగాలకు చేస్తున్న పనే. కోడ్ అందరికీ కనిపిస్తుంది, తమ కోడ్ మూసుకోవాలనుకునేవారు డబ్బు కడతారు. బయటివారి మార్పులు తీసుకుంటే వారి నుంచి హక్కుల పత్రం రాయించుకోవాలి, లేకపోతే రేపు వాణిజ్య లైసెన్స్ అమ్మే హక్కు మీకు ఉండదు.

“చూడనీ, కానీ నా మీద వ్యాపారం చేయకూడదు” అనేవారికి మరియాడీబీ వాళ్లు తెచ్చిన బిజినెస్ సోర్స్ లైసెన్స్ ఉంది. కోడ్ బహిరంగం, అసలు పనిలో (ప్రొడక్షన్) వాడకానికి షరతులు, ఒక్కో వెర్షన్ గరిష్ఠంగా నాలుగేళ్ల తర్వాత ఓపెన్ సోర్స్‌గా మారుతుంది. ఫాంట్ కన్వర్టర్ లాంటి వాటికి నా ఓటు దీనికే. బైనరీ బాధలు లేవు, పక్కవాడు పేరు మార్చి అమ్ముకుంటాడన్న భయానికీ సమాధానం ఉంది. మొదట పూర్తిగా తెరిచి, తర్వాత ఇలా మార్చడం మాత్రం మంచిది కాదు. 2023 ఆగస్టులో హాషీకార్ప్ కంపెనీ అలా మార్చగానే దాని సర్వర్ల సాధనం టెర్రాఫామ్‌కు ఓపెన్‌టోఫు అనే చీలిక పుట్టింది.

ఎక్కడ ఉంచుతారన్నది కూడా ఎంపికలో భాగమే. లైబ్రరీలు పంచే నుగెట్, పైపీఐ సైట్లు సోర్స్ లేని ప్యాకేజీలనూ తీసుకుంటాయి. మావెన్ సెంట్రల్ సోర్స్ జార్ అడుగుతుంది, ఇవ్వలేనప్పుడు వివరణ ఫైలు ఒకటి పెట్టిన ఉత్తి జార్‌ను ఒప్పుకుంటుంది. ఆర్ భాష వాళ్ల క్రాన్‌కు సోర్స్ ఉండాల్సిందే. ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ ఎఫ్‌-డ్రాయిడ్‌లోని యాప్‌లు మూసి ఉన్న లైబ్రరీలను వాడలేవు.

ఎవరికి ఏది

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో గీతమ్‌లోనో చివరి ఏడాది చదువుతున్నవారు లైబ్రరీ రాస్తే కోడ్ తెరిచి పెట్టండి. ఇంటర్వ్యూ చేసేవారు డీఎల్‌ఎల్‌ను చూసి మీ పనితనం తెలుసుకోలేరు. ఒక్కరే రాసి, ఒక్కరే చూసుకునే ఉచిత లైబ్రరీకి కూడా నా సలహా అదే, దాచాలనిపిస్తే బిజినెస్ సోర్స్ లైసెన్స్. బైనరీ మాత్రమే ఇచ్చే దారి, ఆ లైబ్రరీని తమ అమ్మకపు ఉత్పత్తిలో ఎలాగూ వాడుతున్న కంపెనీకి బాగుంటుంది. వాళ్లు తమ కోసం ఎలాగూ ప్రతి నెలా బిల్డ్ కడతారు, దాని కాపీ ఒకటి బయటికి పెట్టడానికి అదనపు శ్రమ తక్కువ. ఉచిత వెర్షన్ చూసి కొందరు కొనుగోలుకు వస్తారు కూడా. అమ్మకమూ లేక, బిల్డ్ యంత్రమూ లేక, కోడ్ కూడా ఇవ్వకపోతే ఉభయభ్రష్టత్వమే.

ఇక తీసుకునేవారి వైపు. ద్వారకానగర్‌లోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా, ఆటోనగర్‌లో యంత్రాల ప్రోగ్రామ్‌లు రాసేవారైనా, మూసి ఉన్న ఉచిత లైబ్రరీని వాడేముందు చివరి బిల్డ్ తేదీ చూడాలి. ఏడాదిన్నర దాటితే అనుమానించాలి. వాణిజ్య వాడకం మాట లైసెన్స్‌లో సూటిగా ఉందా, మీ ఇన్‌స్టాలర్‌తో కలిపి పంచవచ్చని రాశారా అని చూడాలి. ఈ రెండోది లేని లైసెన్సులు చాలా ఉన్నాయి. లైబ్రరీని నేరుగా అన్నిచోట్లా పిలవకుండా మధ్యలో మీదే ఒక పలుచని పొర పెట్టుకుంటే, తీసేయాల్సి వచ్చిన రోజున ఆ ఒక్క ఫైలే మారుతుంది. ఫైలు మారిందో లేదో చెప్పే షా-256 సంఖ్యను ఫైలుతో పాటు భద్రపరచండి. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన క్షేమం అనుకోవడానికీ లేదు. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగ దారి పెట్టిన సంగతి తెలిసిందే. అయితే లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు గమనించి మూలం దాకా తవ్వగలిగారంటే, తవ్వడానికి కోడ్ ఆయన ముందు ఉండటం ఒక కారణం.

మూసి ఇవ్వాలనే నిర్ణయించుకున్నవారు లైసెన్స్‌లో ఒక్క వాక్యం అదనంగా రాయడం న్యాయం: ఇన్ని నెలల పాటు కొత్త బిల్డ్ రాకపోతే, లేదా మేమే ఆపేస్తున్నామని ప్రకటిస్తే, కోడ్ ఫలానా లైసెన్స్ కింద విడుదలవుతుంది. ఈ హామీ నిలబడాలంటే కోడ్ రిపాజిటరీలో క్లయింట్ల పేర్లు, పాస్‌వర్డులు, ఇతరుల కోడ్ ముక్కలు ఇప్పటినుంచే లేకుండా చూసుకోవాలి. ఆ రిపాజిటరీని తెరిచే తాళంచెవి మీరు కాక ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి.